కూచిపూడి తరంగంలో పాదం అదురు రికార్డింగులో దక్కడం లేదు: మైకును ఎక్కడ అమర్చాలి?

విజయవాడలో, సిమెంటు నేల ఉన్న సాధన గదిలో కూచిపూడి తరంగాన్ని వీడియో తీస్తున్నాను. ఇత్తడి పళ్లెం అంచులపై నిలిచిన నర్తకి తాళానికి తగ్గట్టు పళ్లేన్ని ముందుకు జరిపేటప్పుడు, దగ్గరగా నేలపై కూర్చున్నవారికి ఆ రాపిడి ఒంటికి తెలుస్తుంది. బరువు ఒక పాదం నుంచి మరో పాదానికి మారే ఆ క్షణమే, నా దృష్టిలో, ఈ అంశానికి ప్రాణం. వీడియోలో గజ్జెల మోత తప్ప మరేమీ మిగలడం లేదు.

మొదట ఫోన్‌ను ఛాతీ ఎత్తున, సెకనుకు 30 ఫ్రేములతో ఉంచాను. తర్వాత నేలకు జానెడు ఎత్తుకు దించి, 60 ఫ్రేములకు, షటర్‌ను సెకనులో 120వ వంతుకు మార్చాను. పళ్లెం కదలిక స్పష్టమైంది కానీ బరువు తెలియలేదు. ధ్వని స్థాయిని దానంతటదే సరిచేసే సదుపాయాన్ని ఆపి, కాలర్ మైకును పళ్లేనికి రెండడుగుల దూరంలో నేలపై పెడితే గజ్జెలే మరింత గట్టిగా వినిపించాయి. ఫోన్ స్పీకర్లు 100 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనులను సరిగా పలికించలేవు కనుక హెడ్‌ఫోన్లతో విన్నాను, తేడా స్వల్పమే. ఎడిటింగులో మంద్రధ్వనులను 6 డెసిబెల్స్ పెంచితే ఫ్యాను హోరు పైకి వచ్చింది. వేసవిలో ఇక్కడ ఫ్యాను ఆపి నాట్యం చేయమని ఎవరినీ అడగలేను.

నేలకు అంటించి అదురును మాత్రమే గ్రహించే మైకును వాడితే, దానిని నేరుగా సిమెంటుపై అమర్చాలా, లేక పళ్లెం కింద చెక్క పలక వేసి దానికి అంటించాలా?