సీఎస్ఆర్ రూటర్ (సిస్కో వాళ్ల సాఫ్ట్‌వేర్ రూటర్) స్టార్ట్ అయిన వెంటనే ఆగిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

మాది టెక్కలి, సీసీఎన్‌పీకి (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) ఇంట్లోనే చదువుతున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, వర్చువల్ మెషిన్‌లో ఈవ్-ఎన్‌జీ (నెట్‌వర్క్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్). సీఎస్ఆర్ 1000వి ఇమేజ్ ఫోల్డర్‌లో పెట్టి, డిస్క్ పేరు వర్టియోఏ అని మార్చి, ఫిక్స్‌పర్మిషన్స్ కమాండ్ కూడా కొట్టాను, అయినా స్టార్ట్ నొక్కితే ఐకాన్ నీలంగా మారి వెంటనే బూడిద రంగులోకి వచ్చేస్తోంది. వర్చువల్ మెషిన్ సెట్టింగ్స్‌లో వీటీ-ఎక్స్‌కి (ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) టిక్ పెడితే అసలు ఆ మెషినే లేవట్లేదు. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే సెక్యూరిటీ ఫీచర్ ఆపాలంటున్నారు, ఇదే ల్యాప్‌టాప్‌లో మా నాన్నగారు బ్యాంకు పనులు చూసుకుంటారు, ఆపితే ఫర్వాలేదా?

ఇంకోటి, ప్యాచ్‌లున్న కొత్త వెర్షన్ కావాలంటే రూటర్ లోపలికి బిన్ ఫైల్ (రూటర్ సాఫ్ట్‌వేర్ ఫైల్) కాపీ చేసి అప్‌గ్రేడ్ చేయాలా, లేక కొత్త క్యూకౌ2 (వర్చువల్ డిస్క్ ఫైల్) వేరే ఫోల్డర్‌లో పెట్టుకోవడమే మేలా? ఇక్కడ గట్టిగా గాలేస్తే చాలు కరెంటు పోతుంది, అప్‌గ్రేడ్ మధ్యలో పోతే డిస్క్ పాడవుతుందేమోనని టెన్షన్. ర్యామ్ కొనమని మాత్రం అనకండి, పెట్టింది ఒక్క రూటరే.