లీ బాయ్ పద్యంలో ఆ బూడిద ఎవరిది?

రాతిపలక: చైనా తొలి చక్రవర్తి చిన్ షిహువాంగ్ మీద టాంగ్ కాలపు కవి లీ బాయ్ (మనవాళ్ల లీ పో) రాసిన పద్యం చివరి పాదం వదలట్లేదు. "మూడు ఊటల కింద, బంగారు పేటికలో చల్లని బూడిద". ఇక్కడ 'మూడు' లెక్కేనా, 'ముమ్మాటికీ'లో మూడు లాంటిదా?

కాకిబొమ్మ: హన్ కాలపు చరిత్రకారుడు సిమా చియాన్ మాటనే ఎత్తుకున్నాడండీ. ఆ చక్రవర్తి సమాధిని మూడు ఊటలు దాటేదాకా తవ్వారంటాడు. తర్వాతి కాలపు వ్యాఖ్యాత యాన్ షిగు ప్రకారం మూడు పొరల ఊట, అంటే నీళ్లు పడేదాకా అని.

అరసున్న: పేచీ 'మూడు'తో కాదు, సిమా చియాన్ వాక్యంలో దాని వెనకున్న అక్షరంతో. ఒక పాఠంలో 'రాగి' పోశారు, ఇంకో పాఠంలో 'కరిగించి పోసి పూడ్చారు'. రెండు అక్షరాలకీ ఎడమ సగం లోహం గుర్తే, కుడి సగం కూడా దూరం నుంచి ఒకేలా కనిపించే డబ్బా. వ్రాయసకాడు తడబడ్డాడంటే తప్పేముంది? 'హన్ చరిత్ర' గ్రంథంలో, ల్యూ షియాంగ్ అనే ఆస్థాన పండితుడు తన చక్రవర్తికి పెట్టుకున్న విన్నపంలో 'పూడ్చడమే' ఉంది. నా ఓటు దానికే.

రాతిపలక: మరి బూడిద? ఆయన్ని దహనం చెయ్యలేదు కదా!

కాకిబొమ్మ: అదే విన్నపంలో ఉంది. గొర్రె తప్పిపోయి సమాధి సొరంగంలోకి దూరింది, కాపరి కుర్రాడు దివిటీ పట్టుకుని వెతికాడు, నిప్పంటుకుని బయటి పేటిక కాలిపోయింది. లీ బాయ్ చెప్పే బూడిద అదే.

అరసున్న: మరీ లాగుతున్నారు. బూడిదనగానే మనకి శ్మశానం గుర్తొస్తుంది, అక్కడ అది ఆరిన నిప్పు. పద్యం మొదలే చూడండి, ఆరు దిక్కుల్నీ ఊడ్చేసిన రాజు, పులిచూపు. తర్వాత సమాధి ఉన్న లీషాన్‌లో మట్టి మోసే 7 లక్షల మంది ఖైదీలు, చావులేని మందు, తిరిగిరాని ఓడలు. అంత మంట చివరికి ఆరింది. గొర్రె ఎందుకొచ్చింది మధ్యలో?

తాటాకు: చావులేని మందుని వెక్కిరించిన లీ బాయ్ కూడా తావో గురువుల వెంట అదే మందు కోసం తిరిగినవాడే. అందుకే ఆ పాదంలో వెటకారం కంటే దిగులు ఎక్కువ. ఇక విన్నపం సంగతి. సమాధిలో 'మనిషి-చేప కొవ్వు'తో దీపాలు పెట్టారన్నాడు సిమా చియాన్. ల్యూ షియాంగ్‌లో 'చేప' రాలిపోయి మనిషి కొవ్వు మిగిలింది! అలాంటి ప్రతిని పట్టుకుని కాపరి కథ నమ్మమంటారా?

కాకిబొమ్మ: భలే. 'పూడ్చడాని'కి అరసున్నగారు తెచ్చిన సాక్షి కూడా ఆయనే కదా మాస్టారూ?

అరసున్న: ఒక అక్షరం రాలితే ప్రతి మొత్తం చెడదు. అయినా సమాధి గది ఇప్పటికీ తవ్వలేదు, మట్టిలో పాదరసం మాత్రం ఎక్కువగా తేలింది. పాదరసం నదులు పారించారన్న సిమా చియాన్ మాటకి బలం వచ్చినట్టే.

కాకిబొమ్మ: ఆ సిమా చియానే సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైన్యం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. 1974లో బావి తవ్వే రైతులు చెప్పాల్సొచ్చింది.

రాతిపలక: ఇంతకీ మనిషి-చేప ఏమిటి, తిమింగలమా?

తాటాకు: పెద్ద సాలమాండర్ అండీ. పసిపిల్లలా ఏడుస్తుందంటారు. అక్కడి చిన్‌లింగ్ కొండవాగుల్లోనే దొరుకుతుంది. తిమింగలాన్ని సముద్రం నుంచి అంతదూరం ఎవరు మోస్తారు?

అరసున్న: 7 లక్షల మందిని మట్టికి తోలినవాడికి తిమింగలం బరువా? మీ సాలమాండర్‌లో దీపాలకి చాలినంత కొవ్వెక్కడిదో ముందు చెప్పండి.