అప్‌డేట్: పర్లాకిమిడిలో మొరాయించిన కారు స్టార్ట్ అయింది

మొన్న అడిగాను కదా, పర్లాకిమిడిలో అత్తారింటి ముందు మూడు రోజులు ఆపిన కారు తాళం తిప్పితే టిక్ టిక్‌మని ఊరుకుంటోంది, తోసి స్టార్ట్ చేద్దామంటే ఆటోమేటిక్ గేరు, ఏం చేయాలని. పనైంది, సగమే.

బావమరిది జంపర్ కేబుళ్లు (ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకో బండికి కరెంటు ఇచ్చే తీగలు), పక్కింటివాళ్ల బొలెరో తెచ్చాడు. రెండు బళ్లవీ 12 వోల్టుల బ్యాటరీలే. ఎర్ర కేబుల్ ముందు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస బొలెరో ప్లస్‌కి. నల్లది బొలెరో మైనస్‌కి. మిగిలిన కొసను మా మైనస్‌కే తగిలించబోతుంటే «ఆగండి బావా» అని, బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీద రంగు లేని బోల్టుకి పెట్టించాడు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని పక్కన నిప్పురవ్వ లేవకూడదు. బొలెరోని ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచాక, రెండో ప్రయత్నానికి మాది అందుకుంది. కేబుళ్లు తగిలించిన వరుసకి తలకిందులుగా తీశాం.

బ్యాటరీ ఛార్జ్ అవుతుందని, ఆపకుండా పాతపట్నం మీదుగా టెక్కలి దాకా వెళ్లొచ్చాను. అయినా మర్నాడు మళ్లీ టిక్ టిక్! మెకానిక్ బ్యాటరీకి మీటర్ పెడితే 11.8 వోల్టులు చూపించింది, నిండుగా ఉంటే 12.6 ఉండాలి. మావాడు పనసకాయ పెట్టి డిక్కీ సరిగా వేయలేదు, లోపలి లైటు మూడు రోజులూ వెలుగుతూనే ఉంది. బ్యాటరీకీ నాలుగేళ్లు నిండాయి. కొత్తది వేయించాను. అత్తగారు మాత్రం దిష్టే అంటున్నారు, నిమ్మకాయ కట్టించారు.