‘పార్టీ మీద’ ప్రకటనా, ‘పార్టీ కోసం’ ప్రకటనా? ఒక అనువాదం చిక్కు

లీసెస్టర్ నుంచి:
పెద్దలకు నమస్కారం. ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ఇక్కడ మాకు తెలిసిన కొన్ని తెలుగు కుటుంబాలవాళ్లు ఎన్నికలప్పుడు సొంత డబ్బుతో కరపత్రాలు వేస్తామంటున్నారు. ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు అని తెలుగులో ఒక పేజీ రాసిపెట్టమన్నారు. బ్రిటన్ చట్టంలో, తాము పోటీ చేయకుండా ప్రచారానికి ఖర్చుపెట్టేవాళ్లను ‘థర్డ్ పార్టీ’ అంటారు. నేను ‘తృతీయ పక్షం’ అని రాశాను. అది చదివి మా బాబాయి, “ఇక్కడ కూడా మూడో కూటమి పెట్టారా?” అన్నారు. తర్వాతి లైన్లో ‘ఒక పార్టీని లక్ష్యంగా చేసుకున్న ఖర్చు’ అని ఉంది. అది నాకే నచ్చలేదు. ఏమంటే బాగుంటుంది?

విశాఖ నుంచి:
అక్కా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అంటే బండి ఉన్న ప్రతివాడికీ తెలుసు. అలాగే వదిలేయండి.

లీసెస్టర్ నుంచి:
అక్కడ పార్టీ అంటే ఒప్పందంలో ఉన్న మనిషి, ఇక్కడ పార్టీ అంటే జెండా. ‘ఒక థర్డ్ పార్టీ ఏదైనా పార్టీ కోసం’ అని రాస్తే రెండు పార్టీలూ ఢీకొంటున్నాయి తమ్ముడూ.

రాజమండ్రి నుంచి:
అమ్మాయీ, ‘పక్షం’ మాటతోనే వచ్చింది గొడవ. రెక్క అన్నా పక్షమే, పదిహేను రోజులన్నా పక్షమే, వాదనలో ఒక వైపు అన్నా పక్షమే. కానీ ప్రతిపక్షం, అఖిలపక్షం అని పేపర్లో రోజూ చదివి చదివి, ఇప్పుడు పక్షం అంటే మనకు పార్టీ తప్ప ఇంకేమీ తట్టదు. ‘పార్టీయేతర ప్రచారకులు’ అని రాయి. కొంచెం బరువుగా ఉంటుంది కానీ ఎవరూ పొరపడరు.
ఇక ‘లక్ష్యంగా చేసుకున్న’ అన్నది కొట్టెయ్. మన జనం ఎప్పుడైనా అలా అన్నారా? ‘ఆ పార్టీ మీద కరపత్రం వేశారు’ అంటారు. ‘మీద’ అనగానే తిట్టారని తెలిసిపోతుంది. ‘ఆ పార్టీకి వేశారు’, ‘ఆ పార్టీ కోసం వేశారు’ అంటే మెచ్చుకున్నారని. తెలుగులో ఈ పని విభక్తే చేసిపెడుతుంది, వేరే విశేషణం అక్కర్లేదు.

లీసెస్టర్ నుంచి:
మాస్టారూ, మీరు చెప్పినట్టే ‘పార్టీ మీద ఖర్చు’ అని రాసేసి, ఎందుకైనా మంచిదని మళ్లీ చట్టం తెరిచాను. కొంప మునిగేది! 2000 నాటి ఎన్నికల చట్టానికి 2014లో చేర్చిన సెక్షన్లలో ‘టార్గెటెడ్’ అంటే ఏమిటో వివరంగా ఇచ్చారు. ఒక పార్టీకో, దాని అభ్యర్థులకో మేలు చేయడానికి పెట్టినట్టు కనబడాలి, ఇంకే పార్టీకీ మేలు చేసేలా కనబడకూడదు. అలాంటి ఖర్చే టార్గెటెడ్ ఖర్చు. అంటే గురిపెట్టింది బాణం కాదు, పూలదండ!
దానికి విడిగా ఒక పరిమితి ఉంది. అది దాటాలంటే ఆ పార్టీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ ఖర్చు పార్టీ లెక్కలోకీ వస్తుంది. బయటివాళ్లతో ఖర్చు పెట్టించి పార్టీ తన పరిమితి నుంచి తప్పించుకోకుండా అన్నమాట. ఒక పార్టీని తిడితే మిగతావాళ్లందరికీ ఎంతో కొంత లాభం కాబట్టి, సాధారణంగా అది ఈ టార్గెటెడ్ లెక్కలోకి రాదు. అలాగని వదిలేయరు. తిట్టినా పొగిడినా, నియంత్రణ కాలంలో, అంటే ఎన్నికల ముందు ఖర్చులు లెక్కలోకి వచ్చే రోజుల్లో, ప్రచార ఖర్చు 10 వేల పౌండ్లు దాటేట్టుంటే ఎన్నికల కమిషన్‌కు ముందే తెలియజేయాలి. పార్లమెంటు ఎన్నికలకు ఆ కాలం పోలింగుకు ముందు ఏడాది.
కాబట్టి నేను ‘మీద’ అని రాసి ఉంటే చదివినవాళ్లకు సరిగ్గా తలకిందులుగా అర్థమయ్యేది.

విశాఖ నుంచి:
హమ్మయ్య. మూడు రోజులు ఆగడం మంచిదే అయింది అక్కా.

తెనాలి నుంచి:
మాది చిన్న ప్రెస్సు. భాష సంగతి మాస్టారు చెప్తారు, నేను కాగితం సంగతి చెప్తాను. ఎన్నికలప్పుడు రాత్రి తొమ్మిది దాటాక ఒకాయన వస్తాడు. చేత్తో రాసిన కాగితం ఇచ్చి ఐదు వేల కాపీలు అంటాడు. పైన ‘ఓటరు మహాశయులారా, ఆలోచించండి’. మధ్యలో ఒక పార్టీ మీద ఇరవై ప్రశ్నలు. అడుగున ‘ఇట్లు, మీ శ్రేయోభిలాషులు’. శ్రేయోభిలాషులంటే ఎవరండీ అని అడిగితే నవ్వి, “వేసేయండి, డబ్బు ఇప్పుడే ఇస్తా” అంటాడు.
వేయకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ముందు వేయించేవాడు తానెవరో డిక్లరేషన్ రాసి సంతకం పెట్టాలి. అతన్ని స్వయంగా ఎరిగినవాళ్లు ఇద్దరు సాక్షి సంతకం చేయాలి. అలాంటివి రెండు కాపీలు మాకివ్వాలి. కరపత్రం మీద ప్రింటరు, పబ్లిషరు పేర్లూ అడ్రసులూ ఉండాలి. వేశాక డిక్లరేషన్ కాపీ, కరపత్రం కాపీ మేం కలెక్టరుగారికి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం హోర్డింగుల మీద కూడా ఈ పేర్లు ఉండాల్సిందేనని చెప్పింది.
పేరు లేనిదానికి మన మాట ఎప్పటి నుంచో ఉంది, ఆకాశరామన్న. ఉత్తరమైనా, పోస్టరైనా.

గుంటూరు నుంచి:
దీన్నే కదా టీవీల్లో ‘సరోగేట్ యాడ్’ అంటారు? బినామీ ప్రకటన అంటే సరిపోతుంది.

తెనాలి నుంచి:
కాదు బావా, రెండూ వేరు. ఆకాశరామన్నకు పేరే ఉండదు. బినామీకి పేరు ఉంటుంది, కానీ ఆ పేరుది కాదు డబ్బు. లీసెస్టర్ అక్క అడిగేవాళ్లు మూడో రకం. పేరూ వాళ్లదే, డబ్బూ వాళ్లదే. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే నిజాయతీగా సొంత డబ్బు పెట్టుకునేవాడు కూడా దొంగలా కనిపిస్తాడు.

హైదరాబాద్ నుంచి:
కోర్టులో ప్రాక్టీసు కాబట్టి ఒక చేర్పు. మాస్టారు చెప్పిన ‘కోసం’, ‘మీద’ తేడా మన చట్టాల్లోనూ ఉంది. 127ఏలో అభ్యర్థిని గానీ, అభ్యర్థుల గుంపును గానీ గెలిపించడానికి వేసినా, వాళ్ల గెలుపును దెబ్బతీయడానికి వేసినా వర్తిస్తుంది. రెండు విభక్తులూ ఉన్నాయన్నమాట. కానీ అది అడిగేది పేరు మాత్రమే, డబ్బు లెక్క కాదు.
డబ్బు సంగతి పాత ఐపీసీ 171హెచ్‌లో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 176లో ఉంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతన్ని గెలిపించడానికి ప్రకటనల మీద ఖర్చుపెడితే నేరం. అక్షరాలా చదివితే అందులో ‘కోసం’ ఒక్కటే ఉంది, అదీ అభ్యర్థి కోసం. ఒక పార్టీ మీద బురద చల్లడానికి మూడోవాడు పెట్టే ఖర్చు మాటే లేదు. ఒకరిని ఓడించమంటే ఇంకొకరిని గెలిపించమన్నట్టే కదా అని వాదించొచ్చు, కానీ ఆ ఇంకొకరు ఎవరో చూపించాలి.
ఈ సెక్షన్ పుట్టింది 1920లో. జరిమానా 500 నుంచి కొత్త సంహితలో 10 వేలకు పెంచారు. కానీ ఒక మినహాయింపును మాత్రం ముట్టుకోలేదు. పది రూపాయలు మించని ఖర్చయితే పది రోజుల్లోపు అభ్యర్థి దగ్గర అనుమతి రాయించుకుంటే చాలు. 1920లో పది రూపాయలంటే ఎంతో పెద్ద మొత్తం. ఇప్పుడు మా కోర్టు బయట జిరాక్సు ఐదు పేజీలు వస్తుంది.

రాజమండ్రి నుంచి:
బాగా చెప్పారమ్మా. బడిలో మేం బట్టీ పట్టించే విభక్తుల పట్టిక గుర్తు తెచ్చుకోండి. కొఱకున్, కై, చతుర్థీ విభక్తి. ‘మీద’ ఆ పట్టికలో ఎక్కడా లేదు! రోజూ వాడతాం, పట్టికలో చోటివ్వలేదు. 176 రాసినవాళ్లూ మా బడిలోనే చదివినట్టున్నారు.

లీసెస్టర్ నుంచి:
అందరికీ థాంక్స్. చివరికి ఇలా రాశాను: “పార్టీయేతర ప్రచారకులు ఏదైనా ఒక్క పార్టీకి మాత్రమే మేలు చేసేలా పెట్టే ఖర్చుకు విడిగా పరిమితి ఉంది. అది దాటాలంటే ఆ పార్టీ రాతపూర్వక అనుమతి కావాలి.” ‘టార్గెట్’ మాటే రాలేదు. బాబాయికి చదివి వినిపించాను, ఈసారి మూడో కూటమి ఎత్తలేదు. పేజీ అడుగున ఏం పెట్టను? ‘ఇట్లు, మీ శ్రేయోభిలాషి’ బాగుంటుందా?

తెనాలి నుంచి:
పేరూ అడ్రసూ రాయండక్కా.