అప్‌డేట్: ఈగ కంటి సెక్షన్లలో సినాప్సులు కనబడని సమస్య తీరింది

కొత్తగా చూసేవాళ్ల కోసం: బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పండ్ల ఈగ రెటీనా కింద ఉండే లామినా అనే నాడీ పొరను పలుచని సెక్షన్లుగా కోసి టీఈఎంలో (ఒక రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూస్తే పొరలు చిరిగి, మైటోకాండ్రియా ఉబ్బి, సినాప్సుల (ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం అందించే చోట్ల) ఆనవాలే దొరకడం లేదని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిక్సేటివ్ (కణజాలాన్ని పాడవకుండా నిలిపే మందు) లోపలికి దిగడం లేదేమో అని ఒక అన్న చెప్పిందే నిజమైంది. మైక్రోస్కోపీ సెంటర్‌లో టెక్నీషియన్ గారు ఒక్క ఫొటో చూసి పట్టేశారు. పైనున్న రెటీనా బాగానే ఉంది, లోపలికి వెళ్లేకొద్దీ పాడైంది. లోపం స్టెయినింగ్‌లో ఉంటే అలా లోతును బట్టి మారదట. ఈగ తల మీది మైనపు పొర నీటిని అంటనివ్వదు, పైగా లోపల గాలి సంచులు. తల ఆ ఫిక్సేటివ్ మీద, అంటే గ్లూటరాల్డిహైడ్ మీద, కాగితప్పడవలా తేలుతుంటే మందు లోపలికి ఎలా వెళ్తుంది?

ఇప్పుడు ఆ ద్రావణంలోనే తలను చీల్చి, మూతిభాగం, గాలి సంచులు తీసేస్తున్నాను. తల మునిగిందంటే సగం పని అయినట్టే. తర్వాత రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను. ఆ తర్వాత పొరలకు రంగు పట్టించే ఆస్మియం, కోయడానికి గట్టి దిమ్మెగా మార్చే రెసిన్ దశల్లో ఏమీ మార్చలేదు.

కొత్త సెక్షన్లలో ఒక్కో కార్ట్రిడ్జ్‌లో (లామినాలో వరుసగా ఉండే నాడీకణాల కట్ట) ఆర్1 నుంచి ఆర్6 దాకా కాంతిని గ్రహించే కణాల ఆరు చివరలు, వాటి మధ్య ఎల్1, ఎల్2 అనే నాడీకణాలు చక్కగా కనిపిస్తున్నాయి. సినాప్సుకు గుర్తయిన టీ-బార్లు (T ఆకారపు నిర్మాణాలు) కూడా! ఒక్కో టీ-బార్‌కు ఎదురుగా ఉండాల్సిన, సంకేతం అందుకునే నాలుగు భాగాలూ ఒకే సెక్షన్‌లో పడవు, వరుస సెక్షన్లు చూడాలి.

సెక్షన్లు కోసే డైమండ్ కత్తి, స్టెయినింగ్‌కు వాడే లెడ్ సిట్రేట్, మైక్రోస్కోప్ వోల్టేజీ... వీటికీ దీనికీ సంబంధం లేదు. కొత్త కత్తి మాట వినగానే మా గైడ్ గారి ముఖం చూడాల్సింది.

తల చీల్చే పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, ఫిక్సేటివ్ కలిపే కాకోడిలేట్ బఫర్‌లో ఆర్సెనిక్ ఉంటుంది.