తల మీద తెల్ల మచ్చ ఉన్న పిల్లలన్నీ పుంజులేనా?

నమస్కారం. మా పెరట్లో పొదుగుతున్న పెట్ట కింద పిల్లలు బయటికొచ్చాయి. మందలో ఒకటే ఎర్ర పుంజు. పెట్టల్లో కొన్ని నల్లవి, కొన్ని తెల్ల అడ్డచారలున్న ప్లిమత్ రాక్‌లు. అన్నీ గోధుమ రంగు గుడ్లే పెడతాయి, కాబట్టి గుడ్డును బట్టి ఏ పిల్ల ఏ పెట్టదో చెప్పలేం.

పిల్లలన్నీ నల్లగానే ఉన్నాయి. కొన్నింటికి మాత్రం నడినెత్తిన పెసరగింజంత తెల్ల మచ్చ, అంచులు చెదిరినట్టు ఉంది. చారల పెట్టకు చారల్లేని పుంజుతో పుట్టిన వాటిలో మగ పిల్లలకే ఆ మచ్చ వస్తుంది. కాబట్టి అవి పుంజులే అనుకుంటున్నాను. మరి మచ్చ లేనివాటిలో చారల పెట్ట కూతుళ్లూ, నల్ల పెట్టల పిల్లలూ కలిసిపోయి ఉంటాయి కదా! వాటిని విడదీసే గుర్తు ఏమైనా ఉందా? కాళ్ల రంగు చూడాలా? తురాయి ఎర్రబడేదాకా ఆగాల్సిందేనా?

ఇంకో టెన్షన్. ఒక గుడ్డుకు పొద్దున కన్నం పడింది. లోపల కిచకిచ వినిపిస్తోంది, పెంకు మాత్రం చీలడం లేదు. ఒక రోజు పట్టడం మామూలే. మనం ఒలిస్తే రక్తనాళాలు తెగుతాయని ముట్టుకోలేదు. ఈలోగా తల్లి మిగతా పిల్లలతో లేచి వెళ్లిపోతే ఆ గుడ్డును ఎలా కాపాడాలి? తెలిసినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి.