ఆరాధన ఆగిపోయిన ఈజిప్టు ఆలయాలు నేటికీ ఎందుకు ఆకట్టుకుంటున్నాయి?

ప్రశ్న (గోదావరి పాఠకురాలు):

వచ్చే చలికాలంలో మా కుటుంబం ఈజిప్టు వెళ్లాలనుకుంటున్నది. గీజా పిరమిడ్ల ఆకర్షణ నాకు అర్థమవుతుంది. సుమారు 4,500 ఏళ్ల నాడు అంత రాయిని పేర్చిన శ్రమను చూస్తే ఎవరైనా నిలబడిపోతారు. కాని కర్నాక్, లక్సర్, అబూ సింబెల్ ఆలయాల దేవతలను నేడు కొలిచేవారు లేరు, ఆ గోడలపై రాతను చదవగల సందర్శకులు అరుదు. అయినా జనం అక్కడికి తరలివెళ్లడానికి కారణం కట్టడాల పరిమాణమా, ‘అంతుచిక్కని రహస్యాలు’ అనే ప్రచారమా, మరేదైనా ఉన్నదా? మాకు రోజులు తక్కువ గనుక ఏది తప్పక చూడాలో కూడా చెప్పగలరు.

సమాధానం (శాసనాల అభిమాని):

లక్సర్ విషయంలో మీ ప్రశ్నకు ఒక సవరణ అవసరం. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో మూడవ అమెన్‌హోటెప్ కట్టించగా, తరువాత రెండవ రామ్‌సెస్ ముందు ప్రాంగణాన్ని చేర్చిన ఆ ఆలయం రోమన్ల కాలంలో సైనిక శిబిరంలో భాగమైంది. ఆపైన అక్కడ చర్చీలు, వాటి తరువాత అబుల్ హగ్గాగ్ మసీదు వెలిశాయి. ఆ మసీదులో నేటికీ నమాజు జరుగుతున్నది. దాని పాత తలుపు ఒకటి నేలకు ఎంతో ఎత్తున, మెట్లేవీ లేకుండా కనిపిస్తుంది. ఎందుకంటే అది కట్టిన నాటికి ఆలయం చాలావరకు మట్టిలో పూడి ఉండేది, 1880లలో మొదలైన తవ్వకాలతో గాని అసలు నేల బయటపడలేదు.

పరిమాణం గురించి అడిగారు. కర్నాక్‌లోని పెద్ద మండపంలో 134 స్తంభాలున్నాయి, నడిమి 12 స్తంభాలు సుమారు 21 మీటర్ల ఎత్తువి. వాటిని తలెత్తి చూస్తే పరిమాణానికి విలువ లేదని ఎవరూ అనలేరు. అయితే నన్ను కట్టిపడేసేది ఆ ఆలయాల్లో జరిగిన నిత్యసేవ. పూజారులు రోజూ గర్భాలయం తెరిచి, విగ్రహానికి వస్త్రాలు మార్చి, నైవేద్యం సమర్పించేవారు. సామాన్యులకు లోపలికి ప్రవేశం ఉండేది కాదు. ఓపెట్ ఉత్సవం నాడు మాత్రం అమున్ దేవుడు పవిత్ర నావలో కర్నాక్ నుండి లక్సర్‌కు ఊరేగింపుగా వెళ్లేవాడు. ఆలయోత్సవాలు ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. (ఈ పోలికను పట్టుకొని ఈజిప్టుకు, మనకు బంధుత్వం కలిపే వ్యాసాలు చాలా వస్తుంటాయి, వాటిని నమ్మకండి.)

ఇక రహస్యమనే మాట నాకు నచ్చదు. ఒకే శాసనాన్ని గ్రీకుతో సహా మూడు లిపులలో చెక్కిన రోసెట్టా శిల 1799లో దొరికింది; దాని ఆధారంగా 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పిన నాటి నుండి ఆ గోడలు చదవడానికి వీలైనవే. కర్నాక్‌లో రాణి హాట్‌షెప్సుట్ నిలిపిన దాదాపు 30 మీటర్ల రాతి స్తంభం కింది భాగాన్ని ఆమె తరువాతి రాజు మూడవ తుట్‌మోస్ గోడ కట్టి మూసివేశాడు. ఆ మూసివేతే దానిని కాపాడింది. ఇటువంటి రాజకీయం తెలిసి చూస్తే రాయి మరొక రకంగా కనిపిస్తుంది.

సమాధానం (నైలు యాత్రికుడు):

పై సమాధానం చదువుకున్నవారి ఆకర్షణను మాత్రమే వివరిస్తున్నది. ఎక్కువమంది సందర్శకులు ఒక్క శాసనమూ చదవరు. వారిని కదిలించేది ఆ కట్టడాలు ఇంకా మిగిలి ఉండడమే. అబూ సింబెల్ ఇసుకలో కూరుకుపోయి ఉండగా 1813లో స్విస్ యాత్రికుడు బుర్‌ఖార్ట్ చూశాడు, 1817లో ఇటలీకి చెందిన అన్వేషకుడు బెల్జోనీ లోపలికి ప్రవేశించాడు. ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట జలాశయంలో మునిగిపోకుండా 1964 నుండి 1968 వరకు ఆ కొండ ఆలయాలను వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తుకు, 200 మీటర్ల వెనుకకు జరిపి తిరిగి కూర్చారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 22, అక్టోబరు 22 ప్రాంతంలో, ఉదయపు ఎండ గర్భాలయం దాకా చొచ్చుకుపోయే ఏర్పాటును కూడా వదలలేదు.

నాగార్జునకొండ గురించి తెలిసిన తెలుగువారికి ఈ కథ సులభంగా అర్థమవుతుంది; అక్కడ కూడా జలాశయం నిండకముందే తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకి చేర్చారు. 1961–62లో మన పురావస్తు శాఖ బృందం ఆస్వాన్ జలాశయంలో మునగబోయే నూబియాకు (ఈజిప్టు దక్షిణ భాగం, సూడాన్ ఉత్తర భాగం) వెళ్లి తవ్వకాలలో పాల్గొన్నది కూడా. అయితే రాళ్లకు దక్కిన శ్రద్ధ మనుషులకు దక్కలేదు. ఆస్వాన్ జలాశయం కోసం ఈజిప్టు వైపు నూబియన్ల గ్రామాలను ఖాళీ చేయించి, వారిని ఉత్తరాన కోమ్ ఓంబో పరిసరాలకు తరలించారు. అబూ సింబెల్ అందాన్ని మెచ్చుకునే వ్యాసాలలో ఈ మాట చాలా అరుదుగా కనిపిస్తుంది.

సమాధానం (మట్టి పెంకు):

రాజుల సంగతి చాలు. రాజుల సమాధులను చెక్కిన పనివారి ఊరు దైర్ ఎల్ మదీనాకు ఒక పూట కేటాయించండి. అక్కడి పనివారి హాజరు పట్టీ ఒకటి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఎవరు ఏ రోజు రాలేదో, తేలు కుట్టడం, బీరు కాయడం వంటి కారణాలతో సహా అందులో రాసి పెట్టారు. మూడవ రామ్‌సెస్ పాలనలో 29వ ఏట ధాన్యపు జీతం ఆలస్యమైనప్పుడు ఈ పనివారే పని మాని, ఆలయాల వెనుక బైఠాయించారు.

సమాధానం (శాసనాల అభిమాని):

నూబియన్ల విషయంలో నైలు యాత్రికుడు గారితో ఏకీభవిస్తున్నాను. రోజులు తక్కువైతే అబూ సింబెల్ వదులుకున్నా ఫరవాలేదు, అది దక్షిణాన చాలా దూరం. లక్సర్‌లోనే బస చేసి, కర్నాక్, లక్సర్ ఆలయాలు, దైర్ ఎల్ మదీనా చూసి, ఒక పూట డెండెరా వెళ్లండి. అక్కడి హాథోర్ దేవత ఆలయంలో పైకప్పు లోపలి వైపు పేరుకున్న మసిని శుభ్రం చేయడంతో నీలి రంగులు మళ్లీ బయటపడ్డాయి. లక్సర్ ఆలయాన్ని మాత్రం చీకటి పడ్డాక, దీపాలు వెలిగించిన తరువాత చూడండి.